యాభై ముడుల తాడు

తెల్లవారి ఎంతోసేపు కాలేదు. అమలాపురంలో పాపాయమ్మ ఇంటి పెరటి గుమ్మంలో ఒక ఆడమనిషి వచ్చి నిలబడింది. కూర్చోమంటే కూర్చోలేదు. చెంబుతో మంచినీళ్లిస్తే రెండు చేతులా పట్టుకుని తాగడం మరిచిపోయింది. చీర మోకాళ్ల దాకా తడిసి ఉంది. పడవ ఒడ్డు చేరేదాకా ఆగలేక నీళ్లలోకి దిగి నడిచొచ్చిన మనిషి అని కోడలు వీరవేణి చూడగానే అనుకుంది.

ఇలా వచ్చేవాళ్లు ఆ ఇంటికి కొత్త కాదు. పాపాయమ్మ భర్త పోలీసు అమీను కచేరీలో ఇరవై ఏళ్లు జవానుగా చేశాడు. పోయిన నగ, తగలబడిన గడ్డివామి, జరిపేసిన గట్టు, ఏది తేలకపోయినా అన్నం ముందు కూర్చుని భార్యకు చెప్పేవాడు. ఆవిడ వడ్డిస్తూ వడ్డిస్తూ రెండు ప్రశ్నలు వేసేది. మర్నాడు అమీను గారు జవాను తెలివిని మెచ్చుకునేవారు. భర్త పోయాక జనం నేరుగా ఆవిడ దగ్గరికే రావడం మొదలుపెట్టారు. ఏ ఊరు పిలిచినా వెంట వెళ్లేది వీరవేణే. అత్తగారు ఏమడిగిందో, ఎందుకడిగిందో పూస గుచ్చినట్టు గుర్తుపెట్టుకుని, నీళ్ల రేవులో నలుగురికీ చెప్పకపోతే ఆమెకు నిద్ర పట్టదు.

"ఎల్లుండి కొత్తమావాస్యకి మా ఆయన చేత ఉలి దింపించేస్తారండి" అంది వచ్చిన మనిషి.

"ఎవరు దింపిస్తారమ్మా?"

"మా నాయనేనండి."

పాపాయమ్మ విసనకర్ర పక్కన పెట్టింది. అడిగిన కొద్దీ సంగతి ముక్కలు ముక్కలుగా బయటపడింది. ఆమె పేరు రాజ్యం. తండ్రి బంగారయ్య. కొత్తపేట దగ్గర గౌతమి ఒడ్డున ఆయనకు పీచు కొట్టు ఉంది. కొబ్బరి డొక్కలు ఉప్పునీట నానబెట్టి, కొట్టి, పీచు తీసి, లావుపాటి పేటలుగా పేని, పడవ పలకల సందుల్లో ఉలితో కుక్కుతారు. పైన గుగ్గిలం, పున్న నూనె కాచి పూస్తారు. చుక్క నీరు లోపలికి రాకుండా సందు మూయడమే వాళ్ల వృత్తి. గోదావరికి ఆనకట్ట కట్టి కాలవలు తవ్వాక, నీళ్లు ఆపే లాకు తలుపుల సందులకు కూడా అదే పీచు కావలసివచ్చింది.

ఏడాదిలో కొట్టు ఎలా నడిచిందో చెప్పడానికి అక్కడ కాగితం లేదు, తాడు ఉంది. పడవకొక ముడి. ఆ పడవ కారితే ఆ ముడికి తారు పూస్తారు. ఉగాది ముందు రోజు, కొత్తమావాస్య నాడు, వచ్చిన పడవల వాళ్ల ముందు బంగారయ్య ఆ తాడును వేళ్లతో తడుముతూ ముడి ముడికీ పడవ పేరు చెబుతాడు. చూపు మందగించినా ఒక్క పేరు తప్పలేదు. సాలు అంటే ఏడాది గనక ఆ తాడును సాలుతాడు అంటారు. ఎవరి సందు వల్ల పడవ మునిగితే ఆ పనివాడు అదే రోజు ఉలిని గోదాట్లో వదిలెయ్యాలి. ఆ తరవాత రెండు గోదావరి పాయల మధ్య ఏ పడవా అతని చేత చెయ్యి వేయించుకోదు.

"మునిగింది భీమరాజు గారి ధాన్యం పడవండి. తెడ్డు వేసే ముసలాయన పోయేడు. పడవని పైకి లాగితే సందులో మా ఆయన ఉలి దొరికింది. భీమరాజు గారి మీద కోపంతో కావాలని సందు వదులు చేసేడంటన్నారు."

"మీ ఆయన ఏమంటాడు?"

"ఏమీ అనడండి. అదే నా భయం."

పాపాయమ్మ లేచి బట్టల పెట్టె తెరవలేదు, తమలపాకుల పెట్టె సర్దుకోలేదు. ఉన్న చీరతోనే చెప్పులు వేసుకుంది. వీరవేణి అటుకుల మూట కట్టుకుని వెనకాల పరిగెత్తింది.

కొత్తపేట రేవుకు వచ్చేసరికి ఎండ చుర్రుమంటోంది. మునిగిన పడవను దుంగల మీద బోర్లించి ఉంచారు. పక్కనే భీమరాజు నిలబడలేక, కూర్చోలేక అటూ ఇటూ తిరుగుతున్నాడు. యాభై దాటిన మనిషి. ధాన్యం పోయిందని కాదు, తన దగ్గర ముప్పై ఏళ్లు తెడ్డు వేసిన మనిషి తన కళ్ల ముందే పోయాడని ఆయన బాధ. నాలుగు రోజుల కిందట నడి ఏట్లో సందు ఒక్కసారిగా తెరుచుకుందని, బట్టలు కుక్కినా ఆగలేదని, పడవ రెండు రోజులు నీళ్లలోనే ఉండి మొన్న పొద్దున్న ఒడ్డెక్కిందని చెప్పాడు.

పాపాయమ్మ రాజ్యం భర్త పోతురాజుతో తగువేమిటని అడిగింది. భీమరాజు ముఖం ఎర్రబడింది. పని జరిగే రోజున పోతురాజు కొట్లో కేకలు వేశాడట. గుమ్మం బయట నుంచి ఆయనే విన్నాడట.

"ఏమన్నాడో అన్నది అన్నట్టు చెప్పండి."

"నా పడవ నీట్లో నిలవదన్నాడండి."

"'భీమరాజు పడవ నిలవదు' అన్నాడా, ఉత్తినే 'ఇది నిలవదు' అన్నాడా?"

భీమరాజు తడబడ్డాడు. గడ్డం గోక్కున్నాడు. "ఇది నిలవదు, ఇది నీట్లో నిలవదు, అనే అన్నాడండి. ఇది అంటే నా పడవ కాదేటండి మరి?"

"ఏమో" అంది పాపాయమ్మ. "మా కోడలు కూడా పొయ్యి దగ్గర నిలబడి ఇది ఉడకదు, ఇది ఉడకదు అంటుంది. కందిపప్పు గురించో, నా గురించో నాకూ తెలీదు."

వీరవేణి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఉలి ఎలా బయటపడిందో కూడా ఆవిడ అడిగి తెలుసుకుంది. కారిన సందు మీద కొట్టు యజమాని చెయ్యి పడేదాకా మరొకరు చెయ్యి వేయకూడదన్నది ఆ రేవు ఆచారం. బంగారయ్య వచ్చి అందరినీ దూరంగా నిలబెట్టి, ఆ కొస నుంచి ఈ కొసకు తడిమి చూశాడు. ఇక్కడేదో తగులుతోందన్నాడు. ఆయన తమ్ముడు పెద్దిరాజు వెళ్లి లాగితే ఉలి వచ్చింది.

"సులువుగా వచ్చిందా?"

"లేదండి. అటూ ఇటూ ఊపేరు. పిడి పొన్ను జారి బురదలో పడితే నేనే ఏరి కడిగి ఇచ్చేను. ఇరవై మంది చూసేరు. పిడి మీద పోతురాజు గుర్తు ఉంది."

పొన్ను అంటే పిడి చివర తొడిగే ఇనప కట్టు. పాపాయమ్మ పడవ చుట్టూ మూడుసార్లు తిరిగి, సందులో మిగిలిన పీచును గోటితో లాగింది. వేళ్ల మధ్య నలిపితే అది పీచులా సాగలేదు, నానిన గడ్డిలా తెగింది.

అక్కణ్ణించి పెద్దిరాజు దగ్గరికి వెళ్లారు. ఆయన కొట్టుకు మేస్త్రీ. పోతురాజు ఉలి దించితే లాకు తలుపుల పనంతా ఆయన చేతి కిందికే వస్తుందని దారిలో ఇద్దరు ముగ్గురు చెప్పారు. ఉలి చూపించమంటే ఆయన వెంటనే లేవలేదు. ఎల్లుండి అందరి ముందూ చూపిస్తానన్నాడు. పాపాయమ్మ కదలకుండా కూర్చునేసరికి చివరికి మొలలో దోపుకున్న మూట విప్పాడు. పొన్నును వేలితో తోస్తే పిడి మీద గుండ్రంగా తిరిగింది.

"ఎప్పుడూ ఇంత వదులేనా బాబూ?"

"ఎండలు కదండి" అన్నాడు పెద్దిరాజు. అని ఉలిని గబగబా మూట కట్టేశాడు. ఆయన నుదుటి మీద చెమట నీడలో కూడా ఆరలేదు.

బయటికి వచ్చాక వీరవేణి ఆగలేకపోయింది. "ఈయనేనండి అత్తయ్యా. ఉలి లాగింది ఈయన, దాచింది ఈయన, లాభం ఈయనకి. మాట్లాడుతుంటే చెమటలెలా పట్టేయో చూసేరా?"

"చూసేను. ఆవకాయ బూజు పట్టిందనుకో, మూత తీసినవాడి మొహం చూస్తావా, ఉప్పు ఎవరు వేసేరో అడుగుతావా?"

వీరవేణికి అర్థం కాలేదు. అర్థం కానప్పుడే అత్తగారి మీద ఆమెకు గౌరవం ఎక్కువ.

మర్నాడు పొద్దున్న పీచు కొట్టుకు వెళ్లారు. పెద్ద తాటాకు పాక. ఎదర వాకిట్లో ఒక పీచు కుప్ప, వెనక చూరు కింద చాపలు కప్పిన మరో కుప్ప. పది మంది ఆడవాళ్లు కర్రలతో డొక్కలు కొడుతున్నారు. వాళ్లకు పెద్ద అప్పలమ్మ. చేతులు ఆడుతుంటేనే ఆమె నోరు కూడా ఆడుతుంది.

ఎదర కుప్ప మీదికి నాలుగు మేకలు ఎగబడి పీచు నాకుతున్నాయి. అప్పలమ్మ కూర్చున్న చోటినుంచే కర్ర విసిరి, వాటి యజమానురాలి ఏడు తరాలనూ తలుచుకుంది. మేకలు అటు వెళ్లి, మళ్లీ ఇటే వచ్చాయి. వెనక కుప్ప ఎంతో దూరం లేదు, దానికి కాపలా కూడా లేదు. ఒక మేక దాని నీడలోనే పడుకుని నెమరు వేస్తోంది గాని, దాని వైపు తల తిప్పలేదు.

పాపాయమ్మ ఎదర కుప్పలోంచి ఒక పోగు తీసి పళ్లు కుట్టుకుంటున్నట్టు నోట్లో పెట్టుకుంది. మాటల్లో వెనక కుప్ప దాకా నడిచి అక్కడినుంచి మరో పోగు తీసింది. వీరవేణి కూడా తీసి నోట్లో పెట్టుకుని, వెంటనే ఉమ్మేసింది.

"మీ డొక్కలు ఎక్కడ నానతాయమ్మా?" అని అడిగింది పాపాయమ్మ.

"కాట్రేనికోన ఉప్పుటేట్లోనండి. నాలుగు గుంటలు. పది నెలలు నానాలి. గుంటకి ఏడు పడవల పీచు వస్తదండి, ఎక్కువా రాదు, తక్కువా రాదు. మా అత్త కాలం నుంచీ అంతే."

"కిందటేడు ఎన్ని ముళ్లు?"

"ఇరవై ఎనిమిదండి. ఈ యేడు యాభై." అప్పలమ్మ గర్వంగా చెప్పింది. "ఇన్ని ఎప్పుడూ లేవండి. లాకుల కచేరీ గుమాస్తా గారు రేపు తాడు చూడ్డానికొస్తన్నారు. యాభై ఉంటే కాలవ మీద లాకులన్నీ మన కొట్టుకేనంట."

"గుంటలు ఎన్ని పెరిగేయి?"

"గుంటలు అవే నాలుగండి." అప్పలమ్మ కర్ర ఒక్క క్షణం ఆగింది. మార్గశిరం నుంచి వెనక కుప్ప సరుకు వస్తోందని, అది కొడితే పోగులు విడకుండా ముద్ద అవుతోందని, బండి మీద వస్తోందని చెప్పింది. కాట్రేనికోన పీచు ఎప్పుడూ పడవ మీదే వచ్చేది. ఏళ్లూ కాలవలూ దాటి అంత దూరం బండి తోలేవాడు ఎవడూ లేడు.

పాపాయమ్మ కోడలి వైపు చూసింది. వీరవేణి అప్పటికే కొంగు బిగించి బండి జాడ పట్టుకుని బయలుదేరింది.

పోతురాజు ఇంటి వెనక పంచలో వల అల్లుతున్నాడు. ఉలి పట్టిన చేతికి పని లేకపోతే తోచక, ఎవరి వలో అడిగి తెచ్చుకున్నాడట. నల్లగా, బలంగా ఉన్నాడు. పాపాయమ్మ వేసిన ప్రశ్నలకు ఆయ్ అనీ, కాదండీ అనీ తప్ప సమాధానం లేదు. పనిముట్లు సాయంత్రం ఎవరూ ఇంటికి తీసుకుపోరనీ, కొట్లో గోడకే వేలాడదీస్తారనీ మాత్రం ఒప్పుకున్నాడు. ఉలి ఎప్పటినుంచి కనబడలేదంటే, పడవ మునిగిన మర్నాటి నుంచి అన్నాడు.

"పీచు బాగులేదని నీకు తెలుసు. 'ఇది నిలవదు' అని అరిచింది పీచు గురించే. ఎవరితో అన్నావు?"

పోతురాజు వల దారం తెంపాడు. "పీచుని తిట్టిన చేతికి పని అంటదంటారండి మాలో. తిట్టేను, అనుభవిస్తన్నాను. ఆ రోజు కోపంగా వెళ్లిపోయి ఉంటే బాగుండును. చెప్పిన మాట కాదనలేక ఆ పీచే కుక్కేను. ఆ ముసలాయన్ని మింగింది నా చెయ్యేనండి."

"ఎవరి మాట కాదనలేక?"

అతను లోపలి గదివైపు ఒక్కసారి చూసి తల దించుకున్నాడు. గదిలో రాజ్యం ఉంది.

మధ్యాహ్నానికి వీరవేణి మోకాళ్ల దాకా బురదతో వచ్చింది. బండి జాడ కొత్త కాలవ గట్టు వెంట మైలు దూరం పోయి ఒక కొబ్బరి తోటలో ఆగిందట. అక్కడ తవ్వి ఏడాదైనా కాని గుంటలు మూడు ఉన్నాయి. కాలవ నీళ్లు మళ్లించి డొక్కలు ముంచారు. వాసనకు ముక్కు మూసుకుని రెండు పుక్కిళ్ల నీళ్లు నోట్లో పోసుకుని చూశానని, ఉప్పు అన్నదే లేదని, చప్పటి నీళ్లేనని చెప్పింది. ఆ తోట ఎవరిదో కూడా కనుక్కుంది. అది చెప్పేటప్పుడు మాత్రం గొంతు తగ్గించింది.

పాపాయమ్మ చాలాసేపు వాకిట్లో పచార్లు చేసింది. తరవాత రాజ్యాన్ని బావి గట్టు దగ్గరికి పిలిచింది.

"రేపు నేను నోరు విప్పితే మీ ఆయన నిలబడతాడు. కాని మీ ఇంట్లోనే ఇంకొకరు కూలబడతారు. నేను అమలాపురం వెళ్లిపొమ్మంటే వెళ్లిపోతాను. ఏం చెయ్యమంటావు?"

రాజ్యం మొహం పాలిపోయింది. ఎవరని అడగలేదు. చేద తాడు చేతికి చుట్టుకుని విప్పింది, మళ్లీ చుట్టుకుని విప్పింది.

"ఆ పీచుతో కట్టిన పడవలు ఇంకా నీళ్ల మీద ఉన్నాయాండి?" అంది చివరికి.

"ఉన్నాయమ్మా."

"అయితే చెప్పండి."

కొత్తమావాస్య పొద్దున్న కొట్టు వాకిలి నిండింది. పడవల వాళ్లు, పనివాళ్లు, పీచు కొట్టే ఆడవాళ్లు. చాప మీద లాకుల కచేరీ గుమాస్తా. గాలి విడవకుండా కొడుతోంది, తాటాకులు ఒక్క చోట ఊరుకోవడం లేదు. బంగారయ్య తెల్లటి తలపాగాతో మధ్యలో కూర్చుని తాడు తడిమాడు. యాభై ముళ్లు, యాభై పేర్లు. మూడు చోట్ల తారు అంటుకుని వేళ్లు ఆగాయి. మూడో చోట భీమరాజు పేరు చెప్పి, తాడు దించి, అల్లుణ్ణి పిలిచాడు. పెద్దిరాజు మూట విప్పి ఉలి ముందు పెట్టాడు. పోతురాజు దాన్ని తీసుకోవడానికి వంగాడు.

"ఒక్క నిమిషం బాబూ" అంటూ పాపాయమ్మ ముందుకు వచ్చింది. "ఉలి గోదాట్లో వేసేముందు అది గోదాట్లోంచే వచ్చిందో లేదో చూద్దాం."

వీరవేణి ఒక కుండ తెచ్చి పెట్టింది. అందులో నిన్నటి నుంచి మరో ఉలి పిడిదాకా నానుతోంది. పాపాయమ్మ దాన్ని తీసి భీమరాజు చేతికిచ్చి పొన్ను తిప్పమంది. ఆయన తిప్పాడు, పళ్లు బిగించి మళ్లీ తిప్పాడు. కదలలేదు.

"ఆడవాళ్లకి తెలుసు" అంది పాపాయమ్మ. "రోకలి పొన్ను వదులైతే ఏం చేస్తాం? నీళ్లలో పడేస్తాం. కర్ర ఉబ్బి పొన్ను పట్టేస్తుంది. పోతురాజు ఉలి రెండు రోజులు ఏట్లో ఉంటే దాని పొన్ను ఇనప సుత్తితో కొట్టినా రాకూడదు. లాగుతుండగానే జారి బురదలో పడిందని భీమరాజు గారే చెప్పేరు. ఇప్పటికీ తిరుగుతోంది. ఆ పిడి నీళ్లు చూడలేదు. పడవ ఒడ్డెక్కేకే దాన్ని సందులో గుచ్చేరు."

వాకిట్లో గుసగుసలు లేచాయి. అందరి కళ్లూ పెద్దిరాజు మీదికి వెళ్లాయి. ఆయన నేల చూస్తూ నిలబడ్డాడు.

"ఈయన కాదు. కాని ఈయన కర్రతో నలభై ఏళ్లు బతికిన మనిషి. పొన్ను జారగానే ఈయనకి తెలిసిపోయింది. అందుకే ఉలి మొలలోంచి తియ్యలేదు. ఇక సందు ఎందుకు కారిందో చెబుతాను."

ఆవిడ నాలుగు గుంటల లెక్క చెప్పింది. నాలుగేడులు ఇరవై ఎనిమిది. అంతకు మించి పీచు కాట్రేనికోన ఇవ్వదు. మిగిలిన ఇరవై రెండు పడవలకు పీచు ఎక్కణ్ణుంచి వచ్చింది? ఎదర కుప్పను మేకలు ఎందుకు నాకుతున్నాయి, వెనక కుప్పను ఎందుకు నాకవు?

"ఉప్పు లేదండి దాంట్లో" అంది అప్పలమ్మ, తనకు తానే చెప్పుకుంటున్నట్టు. "అయ్యో, ఉప్పు లేదు."

"లేదమ్మా. ఆనకట్ట నీళ్లు కాలవలోకి వచ్చేయి. ఆ చప్పటి నీళ్లలో నిలవేస్తే డొక్క మూడు నెలల్లో మెత్తబడుతుంది. పది నెలలు ఎందుకు ఆగాలి అనిపిస్తుంది. కాని అది నానడం కాదు, కుళ్లడం. ఉప్పు లేని ఊరగాయ ఎన్నాళ్లు నిలుస్తుంది? పోతురాజు 'ఇది నిలవదు' అన్నది ఈ పీచుని. గుమ్మం బయట నిలబడ్డ భీమరాజు గారు తన పడవని అన్నాడనుకున్నారు. పడవ మునిగేక ఆ మాటే పోతురాజు మెడకి చుట్టుకుంది."

"గుంటలు ఎవరివండి?" అన్నాడు భీమరాజు.

"కారిన సందు మీద మొదట చెయ్యి వేసే హక్కు ఎవరిదో, వాళ్లవే. పడవ ఒడ్డెక్కిన పొద్దున్న ఇరవై మందిని దూరంగా నిలబెట్టి ఆ సందు తడిమింది ఒక్కరు. పెద్దిరాజు ఉలి లాగేడు, అంతే. ఎక్కడ లాగాలో చెప్పింది వేరొకరు."

ఎవరూ బంగారయ్య వైపు చూడలేదు. చూడకపోవడమే అందరూ చూసినట్టయింది. తమ్ముడు మొహం తిప్పుకున్నాడు. పోతురాజు ఒక అడుగు ముందుకు వేసి, ఇంక వద్దండి అన్నాడు.

బంగారయ్య తాడును ఒళ్లోంచి తీసి పక్కన పెట్టాడు.

"మాఘంలో మొదటి పడవ కారినప్పుడే నాకు తెలిసిందమ్మా" అన్నాడు. "అప్పటికే ఆ పీచుతో ఇరవై పడవలు దిగిపోయేయి. సాలు ముగిసేదాకా గట్టెక్కితే చాలనుకున్నాను. చెయ్యి చెడ్డదంటే ఒక్కడే పోతాడు. పీచు చెడ్డదంటే కొట్టే పోతుంది. నలభై ఇళ్లు తింటన్నాయి దీని మీద. వీడు నా అల్లుడు, వీడికి నేను తిండి పెట్టుకోగలను అనుకున్నాను."

"తెడ్డు వేసే ముసలాయన ఇల్లు మీ నలభైలో లేదా బాబూ?"

లాకుల కచేరీ గుమాస్తా చాప మీంచి లేచి, ఎవరికీ చెప్పకుండా చెప్పులు తొడుక్కుని వెళ్లిపోయాడు. ఆయన్ని ఆపడానికి ఎవరూ లేవలేదు. భీమరాజు ముందుకు దూకబోతే నలుగురు పట్టుకున్నారు. ఒక్కసారిగా అందరూ మాట్లాడసాగారు. నా పడవ ఏ పీచు, నాది ఏ పీచు అని అడుగుతున్నారు. వచ్చినవాళ్లకంటే రానివాళ్ల పడవలే ఎక్కువ. అవి ఏ ఏట్లో, ఏ కాలవలో, ఎవర్ని ఎక్కించుకుని పోతున్నాయో ఎవరికీ తెలియదు.

ఆ గోలలో రాజ్యం జనాన్ని తోసుకుంటూ వచ్చి తండ్రి ఎదట మోకాళ్ల మీద కూర్చుంది. ఏడుస్తుందని అందరూ అనుకున్నారు. ఏడవలేదు. ఆయన తలపాగా గాలికి వదులైతే బిగించి కట్టింది.

"ఇరవై రెండులో మూడు పోయేయి నాయనా. పంతొమ్మిది ఉన్నాయి. అవేవో నీకొక్కడికే తెలుసు."

బంగారయ్య కూతురి మొహం కోసం చేతులతో వెతికాడు. ఆమె ఆ చేతులు పట్టుకుని ఆయన్ని లేపింది. పోతురాజు అప్పటికే రేవులో పడవ తాడు విప్పుతున్నాడు. మావగారి భుజం కింద చెయ్యి వేసి, మాట్లాడకుండా ఎక్కించి చుక్కాని పక్కన కూర్చోబెట్టాడు. భీమరాజు తనను పట్టుకున్న చేతులు విడిపించుకుని వచ్చి, ఎవరూ పిలవకుండానే రెండో తెడ్డు అందుకున్నాడు.

వీరవేణి అత్తగారి కేసి చూసింది. మనం కూడా వెళదామా అన్నట్టు. పాపాయమ్మ తల అడ్డంగా ఊపింది. ఆవిడ పని అయిపోయింది.

"మొదటిది ఎవరిది నాయనా?" అంది రాజ్యం, నడుం లోతు నీళ్లలో పడవ అంచు పట్టుకుని.

బంగారయ్య గాలి వచ్చే వైపు మొహం పెట్టాడు.

"ఆత్రేయపురం సత్యనారాయణమ్మ గారిది. ఇవాళ మధ్యాహ్నానికి తీర్థం జనాన్ని ఎక్కించుకుంటానంది. తొందరగా తొయ్యండి."

రాజ్యం తోసింది.